కన్ను ముట్టుటకు ముందు
(శతవార్షికోత్సవముల సందర్భమున జరిగిన ఆరోగ్య సదస్సులో ఇచ్చిన ప్రసంగ పాఠము)



కంటి వైద్యము జరుగు చోట్ల అంటురోగములు వ్యాపింపకుండ చూచుకొనుటను గూర్చి మాటలాడుమని పెద్దలు మమ్మును కోరిరి. ఇది డాక్టర్లు చెప్పవలసిన సంగతి గదా, కాపరికి ఇందులో పనియేమి అని మీలో కొందరికి తోచవచ్చును. ఈ విషయములో మూడు విధముల వారికి బాధ్యత కలదు. వైద్యము చేయువారు మొదటి వారు. వైద్యమునకు స్థలమిచ్చి జనులను పిలుచువారు రెండవ వారు. వైద్యము చేయించుకొనువారు మూడవ వారు. మన సంఘములలో ఈ ముగ్గురును ఉన్నారు. మన పిల్లలలో అనేకులు నర్సులుగాను, కాంపౌండర్లుగాను, ఆపరేషను గదిలో సహాయకులుగాను, ఆయాలుగాను, కండ్లద్దాల దుకాణములలో పనివారుగాను ఉన్నారు. మన ఆవరణములలో, మన పాఠశాలల వరండాలలో కంటి శిబిరములు జరుగుచున్నవి. ఇక శుక్లములు వచ్చిన తాతలు, అవ్వలు లేని కుటుంబము మనలో ఏది? గనుక ఇది మన సంగతియే.

మేము చెప్పదలచిన మాట ఒక్కటే. కంటికి కీడు చేయవలెనని ఏ వైద్యుడును తలంపడు. అయినను మేలు చేయవచ్చిన చేయియే రోగమును ఒకరి కంటినుండి మరియొకరి కంటికి మోసికొని పోవచ్చును. కన్ను బాగుచేయు నేర్పు ఎంత గొప్పదైనను, ఆ చేతికి శుభ్రత లేనిచో ఆ నేర్పు వ్యర్థమగును.

చూచుట వలన రాదు

ముందుగా ఒక అపోహను తీసివేయవలెను. కండ్లకలక వచ్చిన వారి కండ్లలోనికి చూచినచో మనకును వచ్చునని మన ఊళ్ళలో తరతరములుగా చెప్పుకొనుచున్నారు. అందుచేత రోగికి నల్లద్దాలు పెట్టించి, ఇక భయము లేదని తలంచుచున్నారు. నల్లద్దాల వలన ఎండ, వెలుతురు కంటిని బాధింపకుండ కొంత హాయి కలుగును. అంతే. రోగము చూపులో ప్రయాణము చేయదు.

అది ఎట్లు ప్రయాణము చేయునో చూడుడి. రోగి కన్ను దురదపెట్టును. అతడు నలుపుకొనును. ఆ నీరు, ఆ పుసి వ్రేలికి అంటును. ఆ వ్రేలితో అతడు తలుపు గొళ్ళెము పట్టుకొనును, కుర్చీ పట్టుకొనును, చిల్లర నాణెము ఇచ్చును, కరచాలనము చేయును. తరువాత వచ్చినవారు ఆ గొళ్ళెమునే పట్టుకొని, తమకు తెలియకయే తమ కంటిని తుడుచుకొందురు. బిడ్డ కండ్లలో పుసి కట్టినప్పుడు తల్లి తన కొంగుతో తుడుచును. అదే కొంగుతో రెండవ బిడ్డ ముఖమును తుడుచును. ఆ తల్లి ప్రేమలో లోపమేమియు లేదు. అయితే కొంగులో రోగమున్నది.

2023వ సంవత్సరము జూలై, ఆగస్టు నెలలలో మన రెండు తెలుగు రాష్ట్రములలోను కండ్లకలక ఎట్లు చెలరేగెనో మనకందరికి జ్ఞాపకమున్నది. బడులలో, హాస్టళ్ళలో ఒక గదినుండి మరియొక గదికి పాకెను. పెద్దవారికి అంతకు ముందటి సంగతియు జ్ఞాపకముండవచ్చును. 1969లో ఆఫ్రికాలోని ఘానా దేశమున కండ్లు రక్తమువలె ఎర్రబారు ఒక క్రొత్త కలక బయలుదేరి, 1971 నాటికి మన దేశమునకు వచ్చినది. మనుష్యుడు చంద్రునిమీద అడుగుపెట్టిన ఏడే అది మొదలైనందున ఆ దేశస్థులు దానికి అపోలో రోగమని పేరు పెట్టుకొనిరి. ఘానా నుండి ఇంత దూరము అది వచ్చినది చూపు వెంట కాదు, ఒక చేతినుండి మరియొక చేతికి.

ఓడలు కట్టువారి కన్ను

ఇంటిలోను బడిలోను వ్యాపించుట ఒక సంగతి. వైద్యశాలలోనే వ్యాపించుట అంతకంటె విచారకరమైన సంగతి. దీనికి చరిత్రలో పేరుపడిన దృష్టాంతమొకటి కలదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1941, 1942 సంవత్సరములలో, అమెరికా పసిఫిక్ తీరమున యుద్ధనౌకలు కట్టు కర్మాగారములలో వేలకొలది కార్మికులు రాత్రింబగళ్ళు పనిచేయుచుండిరి. ఇనుమును కోయునప్పుడు, అతుకునప్పుడు సన్నని రజను కంటిలో పడుట అక్కడ నిత్యము జరుగునదే. అట్టివారు కర్మాగారపు డిస్పెన్సరీకి పోయి, ఆ నలుసును తీయించుకొని, చుక్కలు వేయించుకొని, తిరిగి పనిలోనికి పోవుచుండిరి. అయితే వారము పది దినములకు వారిలో అనేకుల కండ్లు వాచి, ఎర్రబడి, నీరు కారుచుండెను. కొందరికి నల్లగ్రుడ్డుమీద మచ్చలు ఏర్పడి నెలల తరబడి చూపు మసకగానుండెను. ఆ రోగము ఎంతగా వ్యాపించినదనగా దానికి ‘ఓడల కర్మాగారపు కన్ను’ అనియే పేరు వచ్చెను.

విచారింపగా తెలిసినదేమి? ఆ రోగము ముఖ్యముగా కండ్లకు చికిత్స జరుగు చోట్లనే వ్యాపించుచుండెను. నలుసు తీసిన చేయి, నలుసు తీసిన పరికరము, అందరికి వేసిన ఒకే చుక్కల మందు, ఇవే దానిని మోసికొని పోయినవి. ఇనుప రజనుతో వచ్చినవాడు రజను పోగొట్టుకొని, రోగమును తీసికొని ఇంటికి పోయెను. దానికి కారణమైన వైరస్ 1955లో గుర్తింపబడినది. అది అడినోవైరస్ అను జాతిలోనిది.

ఈ జాతి వైరస్‌ను గూర్చి రెండు సంగతులు జ్ఞాపకముంచుకొనవలెను. మొదటిది, ఇది బల్లమీద, ఇనుముమీద, ప్లాస్టిక్ మీద ఎండిపోయిన తరువాతను కొన్ని వారములు బ్రదికియుండగలదు. రెండవది, స్పిరిటు దూదితో ఒకసారి తుడిచినంత మాత్రమున ఇది చచ్చునని నమ్ముటకు వీలులేదు. గనుకనే కంటి వైద్యశాలలో శుభ్రతకు తక్కిన చోట్లకంటె ఎక్కువ పట్టుదల కావలసియున్నది.

బల్లమీద వరుసగా కూర్చున్నవారు

మన ఆసుపత్రులలో కంటి విభాగమునకు పోయినవారికి ఈ దృశ్యము తెలియనిది కాదు. పొడవైన బల్లమీద ఇరువదిమంది తలలు వెనుకకు వాల్చి కూర్చుందురు. నర్సమ్మ చేతిలో పాప పెద్దదగుటకు వేయు చుక్కల సీసా ఉండును. ఆమె మొదటివాని క్రింది రెప్పను వ్రేలితో లాగి ఒక చుక్క వేయును, రెండవవాని రెప్ప లాగి ఒక చుక్క వేయును, ఇట్లు చివరివరకు పోవును. పది నిమిషములకు తిరిగి మొదటినుండి రెండవ విడత. ఆ నర్సమ్మకు ప్రొద్దుటినుండి కూర్చుండుటకు తీరికలేదు. ఆమెను నిందించుటకు మేమిది చెప్పుటలేదు. కాని ఆ వరుసలో మూడవవానికి కండ్లకలక ఉన్నచో, నాలుగవవాని మొదలు ఇరువదియవవాని వరకు ఏమగునో ఆలోచింపుడి.

దీనికి పరిహారము పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రెప్పను ఉత్త వ్రేలితో గాక, ఒక్కొక్కరికి ఒక్కొక్క దూదిముక్కతో లాగవలెను, ఆ దూదిని వెంటనే పారవేయవలెను. సీసా మొన వెండ్రుకలకు గాని రెప్పకు గాని తగులరాదు. తగిలినచో ఆ సీసాను ప్రక్కన పెట్టవలెను. ఒకరిని ముట్టిన తరువాత మరియొకరిని ముట్టుటకు ముందు చేతులు కడుగుకొనవలెను, లేక చేతులకు రాచుకొను మందు వాడవలెను. పుసి, ఎరుపు కనబడిన రోగిని ముట్టిన తరువాత మాత్రము సబ్బు, నీరు తప్పనిసరి. చేతులకు తొడుగులున్నవి గదా అని కొందరందురు. తొడుగు మార్చకుండ పదిమందిని ముట్టినచో ఆ తొడుగు కాపాడునది తొడిగికొన్న వానిని మాత్రమే, రోగిని కాదు.

కన్ను ముట్టు పరికరములును ఇట్టివే. నీటికాసుల రోగమును కనుగొనుటకు కంటిలోని ఒత్తిడి కొలుతురు. ఆ కొలత పరికరపు మొన నల్లగ్రుడ్డునే తాకును. దానిని ఒకరి తరువాత ఒకరికి వాడునప్పుడు, ఒక భాగము బ్లీచింగు ద్రవమునకు తొమ్మిది భాగములు నీరు కలిపి, అందులో ఐదునుండి పది నిమిషములు నానబెట్టి, తరువాత మంచి నీటితో బాగుగా కడిగి ఆరబెట్టవలెను. ఆ ద్రవమును ఏ దినమునకు ఆ దినము క్రొత్తగా కలుపుకొనవలెను. కడుగుట మరచినచో ఆ ద్రవమే నల్లగ్రుడ్డును కాల్చును. అంతసేపు ఆగుటకు వీలులేదందురా, అట్టి మొనలు రెండు మూడు ఉంచుకొని, ఒకటి వాడుచుండగా మరియొకటి నానబెట్టవచ్చును. గడ్డము ఆనించు పలకను, నుదురు ఆనించు పట్టీని ప్రతి రోగి తరువాత తుడువవలెను. కండ్లద్దాల దుకాణములో పదిమంది ముక్కుమీద పెట్టి చూచిన ఫ్రేములను గూర్చియు ఇదే మాట.

చుక్కల సీసాలోనే రోగమున్నచో

మందు సీసా కూడ నమ్మదగినది కాకపోవచ్చును. 2023లో అమెరికాలో కండ్లు పొడిబారినవారు వాడుకొను చుక్కల మందులో సూక్ష్మజీవులు చేరి, 18 రాష్ట్రములలో 81 మందికి రోగము సోకెను. వారిలో 14 మంది చూపు కోల్పోయిరి, నలుగురికి కనుగ్రుడ్డు తీసివేయవలసి వచ్చెను, నలుగురు మరణించిరి. చుక్కల మందు అనగా సామాన్యమైనదని మనము తలంచుచున్నాము. అది సూదిమందువలెనే శుద్ధముగా ఉండవలసిన వస్తువు.

2016లో మన హైదరాబాదులో శుక్లముల ఆపరేషను చేయించుకొన్న కొందరి కండ్లలో చీము పట్టినప్పుడు, ఆపరేషనులో వాడిన సెలైన్ ద్రవముమీదికే అనుమానము మళ్ళెను. ఆపరేషను చేయు సర్జన్ ఎంత నిపుణుడైనను సీసాలోనిది కంటికి కనబడదు గదా. గనుక సీసామీద ఉన్న బ్యాచి సంఖ్యను, గడువు తేదీని ప్రతి రోగి కాగితములో వ్రాసియుంచు అలవాటు చాల మంచిది. ఒక సీసాలో దోషము బయటపడినప్పుడు ఆ సీసాలు ఇంకెవరికి వాడిరో వెంటనే తెలిసికొనవచ్చును.

ఇంటిలో మనము చేయవలసినదియు ఉన్నది. ఒక సీసా ఒక్క మనిషికే. భర్తకిచ్చిన మందును భార్య వేసికొనరాదు. మూత తీసిన తరువాత సామాన్యముగా నాలుగు వారములకు మించి వాడరాదు. మూత తీసిన తేదీని సీసామీదనే వ్రాసికొనుడి. మందుల దుకాణములో “కన్ను ఎర్రబడినది, చుక్కలు ఇవ్వండి” అని అడిగి తెచ్చుకొను మందులలో కొన్నిటిలో స్టెరాయిడ్ ఉండును. నల్లగ్రుడ్డుమీద పుండు ఉన్నప్పుడు అది ఎరుపును తగ్గించి మేలు చేసినట్లు కనబడును గాని, లోలోపల పుండును పెంచును. వరి కోతలలో కంకి గీచుకొని, ఊక పడి, బూజు జాతి క్రిములతో నల్లగ్రుడ్డుకు పుండు పడిన మన రైతుకూలీలకు ఇది మరీ ప్రమాదకరము. చనుబాలు, ఆముదము, తేనె, ఆకు పసరు కూడ కంటిలో పోయవద్దని మన పెద్దమ్మలకు గౌరవముతో మనవి చేయుచున్నాము.

ఆపరేషను గదిలో

శుక్లముల ఆపరేషను నేడు కొద్ది నిమిషములలో జరుగుచున్నది. ఎక్కువమందికి మరునాటికే చూపు వచ్చుచున్నది. అందుచేతనే దానిని చిన్న సంగతిగా ఎంచు ప్రమాదము కలదు. కంటిలోపల చీము పట్టుట అరుదు. అయితే పట్టినచో గంటలలోనే కన్ను పోవచ్చును.

ఆ చీమునకు కారణమైన క్రిములు ఎక్కువగా ఎక్కడనుండి వచ్చును? రోగి యొక్క సొంత రెప్పల అంచులనుండియు, కంటి పైపొర మీదనుండియు. అందుచేత కత్తి పెట్టుటకు ముందు పోవిడోన్ అయోడిన్ అను గోధుమరంగు మందును నూటికి ఐదు పాళ్ళ చొప్పున కలిపినది కంటిలో వేసి, కనీసము మూడు నిమిషములు ఉంచుదురు. అది మందుల షాపులలో దొరకునదే, ఖరీదైనది కాదు. “మంటగా ఉన్నదయ్యా, త్వరగా కానిమ్ము” అని రోగి తొందరపెట్టును. వెలుపల ఇంకను నలువదిమంది ఉన్నారని సిబ్బంది తొందరపడుదురు. ఆ మూడు నిమిషములు మాత్రము ఎవరును తగ్గింపరాదు.

తమిళనాడులో మదురై పట్టణమున డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారు 1976లో 11 మంచములతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రిని గూర్చి మీరు వినియుందురు. ఆపరేషను చివర కంటిలోపల ఒక యాంటిబయాటిక్ మందును వేయు పద్ధతిని వారు ఆచరించి, తమ శాఖలన్నిటిలో ఆరు లక్షల పైచిలుకు ఆపరేషనుల లెక్క తీసి 2017లో ప్రకటించిరి. మునుపు పదివేలమందిలో ఏడుగురికి చీము పట్టుచుండగా, ఆ మందు వేసిన తరువాత అది ఇద్దరికి తగ్గెను. లెక్క పెట్టుకొనుట వలన కలిగిన మేలు ఇది. ఎందరికి చీము పట్టినదో వ్రాసికొనని చోట, తగ్గినదో పెరిగినదో ఎట్లు తెలియును?

పరికరములను నీళ్ళలో మరిగించుట చాలదు. కొన్ని క్రిముల బీజములు మరిగిన నీటిలోను బ్రదుకును. ఆవిరి యంత్రములో 121 డిగ్రీల వేడిలో, 15 పౌండ్ల ఒత్తిడిలో, తక్కువలో తక్కువ 15 నిమిషములు ఉంచవలెను. ఇది మన ఇంటి ప్రెషర్ కుక్కరు పనిచేయు సూత్రమే. మూటపై అంటించిన పట్టీ రంగు మారినదా లేదా అని చూచి గాని ఆ మూట విప్పరాదు. ఈ పని చేయువారు తరచు తక్కువ జీతముగల సహాయకులు, ఆయాలు. సర్జన్ పేరు బోర్డుమీద ఉండును, వీరి పేరు ఎక్కడను ఉండదు. అయినను రోగి కన్ను సర్జన్ చేతిలో ఎంత ఉన్నదో, మూట కట్టిన ఈ సహోదరి చేతిలోను అంతే ఉన్నది. మన సంఘములలో ఇట్టి పని చేయు తల్లులు ఉన్నారు. మీ పని చిన్నది కాదని ఈ సభాముఖమున చెప్పుచున్నాము.

మన ఆవరణములో శిబిరము

2021 నవంబరు 22న బీహారులోని ముజఫర్‌పూర్‌లో ఒకే దినమున 65 మందికి శుక్లముల ఆపరేషనులు చేసిరి. తరువాతి దినములలో అనేకులకు రోగము సోకి, కొందరి కనుగ్రుడ్లను తీసివేయవలసి వచ్చెను. 2015లో మధ్యప్రదేశ్‌లోని బర్వానీలో అట్టి దుఃఖమే కలిగెను. ఆ దినమున అక్కడికి వచ్చినవారు బీదలు, వృద్ధులు. ఉచితమని విని, నమ్మి వచ్చినవారు. మసకగానైనను కనబడుచున్న కన్నుతో వచ్చి, ఏమియు కనబడని కన్నుతో పోయిరి.

ఇట్టి సంగతి మన పిలుపు మీద వచ్చినవారికి జరుగకుండుటకు మనము ఏమి చేయగలము? శిబిరమునకు స్థలమిచ్చు ప్రతి సంఘము ఐదు సంగతులు చూచుకొనవలెనని మా మనవి.

మొదటిది, మన ఆవరణములో పరీక్ష మాత్రమే జరుగవలెను. గుడారములలో, బడి గదులలో ఆపరేషనులు చేయు కాలము గతించినది. ఆపరేషను అవసరమైనవారిని శాశ్వతమైన ఆపరేషను గది గల ఆసుపత్రికి తీసికొనిపోయి, అక్కడ చేయించి, తిరిగి దిగబెట్టవలెను.

రెండవది, డాక్టరు బల్ల ప్రక్కనే కుళాయి, సబ్బు ఉండవలెను. ఆవరణము వెనుక ఎక్కడనో బావి ఉన్నదనిన చాలదు. కుళాయి లేనిచో కుళాయి బిగించిన డ్రమ్ము పెట్టవచ్చును. చేతులు తుడుచుకొనుటకు కాగితము పెట్టుడి. అందరికి ఒకే తువ్వాలు పెట్టినచో కడుగుకొన్నది వ్యర్థము.

మూడవది, గేటు దగ్గరనే విచారించి, కండ్లు ఎర్రబడి పుసి కట్టినవారికి వేరు బల్ల వేయవలెను. వారిని అవమానపరచునట్లు కాదు, ముందుగా మర్యాదతో కారణము చెప్పి.

నాలుగవది, ఇచ్చిన మందుల పేర్లు, ఆపరేషను చేసినవారి పేరు, మరల రావలసిన తేదీ, రాత్రివేళ పిలువవలసిన ఫోను నంబరు గల చీటీ ప్రతి రోగి చేతిలో ఉండవలెను.

ఐదవది అన్నిటికంటె ముఖ్యము. మన నివేదికలలో, మన సంచికలలో ఎందరికి ఆపరేషనులు జరిగినవో సంతోషముతో వ్రాయుచున్నాము. ఆ లెక్క ప్రక్కనే ఇంకొక లెక్క వ్రాయుదము: నెల దినముల తరువాత వారిలో ఎందరు చూచుచున్నారు? ఈ రెండవ లెక్క వ్రాయవలెనన్నచో ప్రతి ఇంటికి పోయి చూడవలసియుండును. నూరుమందిని పిలిచి పదిమందిని మరచుటకంటె, నలువదిమందిని పిలిచి నలువదిమందిని కనిపెట్టి చూచుట మేలు.

ఇంటికి వచ్చిన తరువాత

ఆపరేషను అయిన మరునాడు కొంచెము గరగర ఉండుట సహజము. అయితే నొప్పి ఎక్కువగుట, మరునాడు కనబడినది మూడవనాడు మసకబారుట, రెప్పలు వాచుట, చీము కారుట, ఇవి సహజములు కావు. ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. తెల్లవారనిమ్మనుట వలన కన్ను పోవచ్చును.

ఇక్కడ మన పెద్దల స్వభావము కొంత అడ్డమగుచున్నది. కుమారుడు కూలి మానుకొని రావలెనని, కోడలికి శ్రమయని, ఉచితముగా చేసినవారిని తప్పుపట్టినట్లగునని నొప్పిని పండ్లబిగువున ఓర్చుకొందురు. “బాగానే ఉన్నది నాయనా” అందురు. గనుక వారు చెప్పుదురని కనిపెట్టుకొనియుండక మనమే పోయి అడుగవలెను. మొదటి వారమంతయు దినమున కొకరు పోయి, ఒక కన్ను మూయించి, ఆపరేషను చేసిన కంటితో ఎన్ని వ్రేళ్ళు కనబడుచున్నవో అడుగుట స్త్రీల మైత్రివారికి కష్టమైన పని కాదు. చుక్కలు వేయు పనిని ఇంటిలో ఒక్కరికే అప్పగించుడి. వారు ముందుగా సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. చెరువు స్నానము, తలమీద నీళ్ళు, వంటచెరకు పొగ డాక్టరు చెప్పినంతకాలము మానవలెను.

పసిబిడ్డల సంగతి ఒక్క మాట. పుట్టిన నెలలోపల బిడ్డ కండ్లలో చీము కనబడినచో అదే దినమున ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పూర్వము ప్రసవ సమయమున తల్లినుండి సోకిన రోగము వలన అనేకమంది శిశువులు గ్రుడ్డివారైరి. జర్మనీలో లైప్‌జిగ్ నగరమున క్రెడే అను వైద్యుడు 1880 ప్రాంతమున ప్రతి శిశువు కంటిలో వెండి లవణపు చుక్క ఒకటి వేయ నారంభించెను. తన ఆసుపత్రిలో నూటికి పదిమందికి వచ్చుచున్న ఆ రోగము నూటికి ఒక్కరికంటె తక్కువకు తగ్గినట్లు ఆయన ప్రకటించెను. నేడు మందులు మారినవి. తొందర మాత్రము మారలేదు.

కండ్లకలక వచ్చినవారు పది, పదునాలుగు దినములు జాగ్రత్తగా ఉండవలెను. తువ్వాలు, దిండు, సబ్బు వేరుగా పెట్టుకొనవలెను. మన బోర్డింగు హాస్టళ్ళలో ప్రతి బిడ్డకు తన తువ్వాలు తనకుండవలెను. ఆ దినములలో ఆరాధనకు రాలేదని ఎవరును నొచ్చుకొనరాదు. వచ్చినవారు చేతులు కలుపక, చేతులు జోడించి వందనము చెప్పుకొనవచ్చును. అది మన దేశాచారమే గదా.

అడుగుటకు జంకవద్దు

చివరగా రోగులుగా మన బాధ్యత. “అమ్మా, చేతులు కడుగుకొన్నారా?” అని నర్సమ్మను అడుగుటకు మనకు ధైర్యము చాలదు. చదువుకొన్నవారే అడుగరు, చదువులేని అవ్వ ఎట్లు అడుగును? మర్యాదతో అడుగవచ్చును. మంచి వైద్యులు దానికి కోపపడరు. మన సంఘములోని నర్సులకు, డాక్టర్లకు మా విన్నపము ఏమనగా, రోగి అడుగకమునుపే అతని కండ్లయెదుట చేతులు కడుగుకొనుడి. అతడు చూచి నేర్చుకొనును, ఇంటికి పోయి తానును అట్లే చేయును. గుడారమునకును బలిపీఠమునకును నడుమ నీటితో నింపిన ఇత్తడి గంగాళమును పెట్టించినది యాజకులు సేవకు పోవుటకు ముందే కడుగుకొనవలెనని మనకందరికి తెలిసినదే. సేవ చేయువాడు ముందు కడుగుకొనుట మనకు క్రొత్త బోధ కాదు.

ఇదంతయు సాధ్యమా అని నిరుత్సాహపడనక్కరలేదు. ట్రకోమా అను అంటు కంటిరోగము ఒకప్పుడు మన దేశములో లక్షలమందిని గ్రుడ్డివారిని చేసినది. అది చేతుల వలన, గుడ్డల వలన, ముఖముమీద వ్రాలు ఈగల వలన వ్యాపించునది. 2024 అక్టోబరులో, అది మన దేశములో ప్రజారోగ్య సమస్యగా నిర్మూలింపబడినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. మందులతో మాత్రమే గాక, బిడ్డల ముఖములు కడుగుట వలనను, మంచి నీరు, మరుగుదొడ్లు ఏర్పడుట వలనను అది సాధ్యమైనది. తల్లులు, ఉపాధ్యాయులు, గ్రామ ఆరోగ్య కార్యకర్తలు నీళ్ళతోను సబ్బుతోను చేసిన పనికి ఆ విజయములో గొప్ప పాలు కలదు.

ఈ శతవార్షికోత్సవ సంవత్సరమున మన సంఘములలో ఎక్కడ కంటి శిబిరము జరిగినను, ముందుగా డాక్టరు బల్ల ప్రక్కన కుళాయి, సబ్బు పెట్టుదము. నెల దినముల తరువాత ఇల్లిల్లు తిరిగి, ఎందరు చూచుచున్నారో లెక్క వ్రాయుదము. వచ్చే సంవత్సరపు నివేదికలో ఆ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన చదువవలెనని ఆశించుచున్నాము.